మెట్ల కింది పరుపుల కొట్టు

కొట్టు నుంచి,
జూన్, ఆదివారం మధ్యాహ్నం

దూదీ,

ఎలా ఉన్నావు? మీ ఆయన మోకాళ్ళు ఎలా ఉన్నాయి? మొన్న ఫోన్లో నువ్వేదో అడిగితే "సరేలే, సరేలే" అన్నాను చూడు, దేనికి సరే అన్నానో నాకే తెలీదు. ఇన్నేళ్ళు దూది ఏకే మిషను పక్కన నిలబడ్డ చెవులు ఇవి. ఎదుటి మనిషి పెదాలు కనపడితే పర్వాలేదు గాని ఫోన్లో మాత్రం గుయ్యిమని ఒకటే మోత. అందుకని ఇకమీదట ఉత్తరాలే. ఇంత వయసొచ్చినా ఆడపడుచుని దూదీ అని పిలుస్తానేమిటని మీ ఆయన నవ్వితే నవ్వనీ. నేను కొత్తకోడలిగా ఈ ఇంట్లో కాలుపెట్టిన రోజున నువ్వు జడ నిండా దూది పింజలతో ఎదురొచ్చావు. అప్పుడు నాలిక్కి అంటుకున్న పేరు, ఇక ఊడదు.

అసలు సంగతికొస్తాను. మన వీధి చివర నర్సుల హాస్టలు కట్టారు. దాని మేనేజరమ్మ ఒకరోజు కొట్టుకొచ్చింది. పరుపు మీద చెయ్యేసి నొక్కింది. కూర్చుంది. ఎంతసేపటికీ లేవదే! "అన్ని గదులకీ మీరే కుట్టండి" అంది చివరికి. మన పొట్టి మేస్త్రి నోట్లో దారం పెట్టుకుని సూది ఎక్కిస్తున్నవాడు ఆ దారాన్ని మింగినంత పని చేశాడు. మీ అన్నయ్య పోయిన ఈ రెండేళ్ళలో ఇంత పని మన గడప తొక్కలేదు. కానీ ఒక మెలిక పెట్టింది. బిల్లు ఇవ్వాలట. డబ్బు కొట్టు పేరు మీదున్న ఖాతాలోకే వేస్తారట.

కొట్టు పేరు మీద! మన కొట్టుకి పేరెక్కడుంది?

అదృష్టం కొద్దీ బ్యాంకు వాళ్ళు ఈమధ్య ఒక పిల్లని వీధిలోకి పంపుతున్నారు. చిన్న కొట్లన్నిటికీ ఖాతాలు తెరిపించడం, లోన్లు ఇప్పించడం దాని పని. భుజాన సంచి, చేతిలో గొడుగు, ఎండకి కందిన ముఖం. కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాను.

"మీ కొట్టు పేరేంటండీ?" అంది.

"పరుపుల కొట్టు."

"అది పని కదండీ, పేరు?"

"మెట్ల కింది పరుపుల కొట్టు."

"ఎప్పుడు మొదలైంది?"

"మా ఆడపడుచుకి ఆటలమ్మ పోసిన ఏడాది."

పాపం కలం మూసేసింది. కొట్టు ఎప్పుడు పుట్టింది, ఎవరు నడిపారు, సరుకు ఎక్కణ్ణించి వస్తుంది, ఇవన్నీ కనుక్కుని చెప్పమంది. నేను వచ్చేసరికే అన్నీ ఉన్నాయి. నువ్వు అందులో పుట్టినదానివి. తీరిక చేసుకుని రాయి.

మీ వదిన

*

రెండో అంతస్తు, పెరటి వైపు గది
జూన్ చివర

వదినా,

నీ ఉత్తరం చదివి మా ఆయనకి వినిపిస్తే నీళ్ళు తాగుతూ పొలమారాడు. ఆటలమ్మ సంగతి బ్యాంకు వాళ్ళకి చెప్పావా! ఇంకా నయం, నా ఒంటి మీద మచ్చలు చూపిస్తానని మాటివ్వలేదు.

నిజానికి నువ్వు చెప్పింది సరైన లెక్కే. ఆటలమ్మతో నేను పడుకున్న మంచం మీది పరుపు నాన్నే కుట్టాడు. పిల్లకి ఒళ్ళు మంట, మెత్తగా ఉండాలని అమ్మ గోల పెడితే, ఎక్కడో పాత పరుపు విప్పి, దూదంతా చేత్తో విడదీసి, కొత్త గుడ్డలో నింపాడు. ఆ పరుపు చూసి పక్కింటావిడ ఒకటి కుట్టిపెట్టమంది. ఆవిణ్ణి చూసి ఇంకొకావిడ. మేముండే మేడ యజమాని మెట్ల కింద చోటు అద్దెకిచ్చాడు. ఆ చోట్లో పరుపు పరిస్తే నాన్న నిలబడ్డానికి ఉండేది కాదు, అందుకని మొదట్లో దిండ్లే కుట్టేవాడు. తర్వాత పక్క గది తీసుకున్నాడు, ఆ తర్వాత వెనక పెరడు.

మిషను వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. తోపుడు బండి మీద దాన్ని పడుకోబెట్టి, ఒక పక్క నాన్న, ఒక పక్క అన్నయ్య, పెళ్ళికొడుకుని ఊరేగించినట్టు తీసుకొచ్చారు. వీధంతా బయటికొచ్చి చూసింది. మొదటిసారి తిప్పగానే బయటికొచ్చిన దూదిని నాన్న నా నెత్తి మీద పెట్టాడు. నీకు కనిపించిన పింజలు బహుశా అప్పటివే, నేనెప్పుడు తల దువ్వుకున్నాను గనక!

ఎండాకాలం మేడ మీద దూది ఆరబోసేవాళ్ళం. మబ్బు పట్టిందంటే మేడలో ఉన్నవాళ్ళందరూ పైకి పరిగెత్తేవాళ్ళు. కింద వాటా టైలరు, మూడో వాటా టీచరమ్మ, ఎవరి పని వాళ్ళు వదిలేసి దుప్పట్ల నాలుగు కొసలూ పట్టుకుని దూది మోసేవాళ్ళు. ఎవరికీ ఏమీ ఇచ్చేవాళ్ళం కాదు. సేనాపతిలా నేను మాత్రం ముందు నిలబడి ఆజ్ఞలు జారీ చేసేదాన్ని.

కొత్తగా పెళ్ళైనవాళ్ళు వచ్చి డబుల్ పరుపు కావాలని అడగడానికి సిగ్గుపడేవాళ్ళు. నాన్న గోడ వైపు తిరిగి, టేపు సర్దుకుంటున్నట్టు నటిస్తూ, "పెద్దదా, చిన్నదా?" అనేవాడు. వాళ్ళు "పెద్దదే" అని గొణిగాక ఇటు తిరిగేవాడు.

సరుకు సంగతి నీకూ తెలుసు. పత్తి షావుకారు. ఆయన బస్తా విప్పి, చిటికెడు పత్తి తీసి, రెండు వేళ్ళ మధ్య సాగదీసి, పోగు ఎంత పొడుగుందో నాన్నకి చూపించేవాడు. నాన్న తలూపేవాడు. అంతే, బేరం అయిపోయినట్టే. పరుపులు అమ్ముడయ్యాక డబ్బు. కాగితం లేదు, కలం లేదు. అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఆయన వరండాలో బల్ల మీద కూర్చుని, మేం వద్దన్నా కదల్లేదు. అది కూడా ఆ పిల్లకి చెప్పు.

పేరెందుకు పెట్టలేదని నాన్ననడిగితే, "పేరు పెడితే బోర్డు కావాలి, బోర్డుంటే దాని దుమ్ము ఎవరు దులుపుతారు?" అనేవాడు.

ఇక్కడ అంతా బాగానే ఉంది. మా ఆయన పనిచేసే ప్రెస్సు మూతపడ్డాక ఇంట్లోనే పేపరు చదువుతూ అందులో అచ్చు తప్పులు దిద్దుకుంటున్నాడు. నేను పగటిపూట కాలక్షేపానికి ఒక స్నేహితురాలి దగ్గరికి వెళ్ళొస్తున్నాను.

నీ దూది

*

కొట్టు నుంచి,
జూలై

దూదీ,

నీ ఉత్తరం బ్యాంకు పిల్లకి మొత్తం చదివి వినిపించాను. రాసుకోవాల్సింది రాసుకోకుండా చెంపకి చెయ్యి ఆనించుకుని వింది. తర్వాత, "ఇదంతా కాలమ్‌లో పట్టదండీ" అంది దిగులుగా. వాళ్ళమ్మ కూడా ఎక్కడో దూరాన ఉందట. వెళ్ళేటప్పుడు ఒక దిండు కొనుక్కుంది.

షావుకారు విషయం చెప్పాలి. నేను బ్యాంకుకి వెళ్తున్నానని ఆయన చెవినపడింది. వీధిలో తుమ్మితే ఆయనకి వినపడుతుందిగా. వచ్చి, ఎప్పటిలాగే బస్తా మీదే కూర్చుని, "నేనుండగా నీకు బ్యాంకెందుకమ్మా?" అన్నాడు నవ్వుతూ. హాస్టలు పని పెద్దది, మిల్లు నుంచి నేరుగా పత్తి బేళ్ళు తెప్పిస్తే ధర కలిసొస్తుంది, దానికి లోను కావాలి, అని ఉన్నదున్నట్టు చెప్పాను. దాస్తే ఆయనకి అవమానం కదా. మళ్ళీ నవ్వాడు. కానీ లేచేటప్పుడు "వస్తానమ్మా" అనలేదు.

ఆ తర్వాత వచ్చిన బస్తాలు విప్పితే పత్తి చెమ్మగా ఉంది. గింజ ముక్కలు, పసుపురంగు చారలు. మేస్త్రి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి పక్కన పెట్టాడు. మీ అన్నయ్య ఉన్నన్నాళ్ళూ ఇలాంటి సరుకు మన గుమ్మంలోకి రాలేదు. ఎవరితో చెప్పుకోను? ఆయన దగ్గర తప్ప ఇంకెక్కడా మనకి అరువు పుట్టదు. ఎందుకు పుట్టదంటే, ఎక్కడా మన పేరు లేదు. ఈ సంగతి ఇన్నేళ్ళకి నాకు తలకెక్కింది.

బ్యాంకులో పని దాదాపు అయినట్టే. ఒక్కటే మిగిలింది. కొట్టు అద్దె చీటీ ఇప్పటికీ మామయ్యగారి పేరు మీదే ఉంది. ఆయన తర్వాత మీ అన్నయ్యా, నువ్వూ. మీ అన్నయ్య వాటాకి నేనున్నాను, నీ వైపు నుంచి ఒక సంతకం కావాలట. కాగితం దీంతో పెడుతున్నాను. చిన్న సంతకమే, చేసి పంపేయి. మేనేజరమ్మ తొందర పెడుతోంది.

మీ ఆయన మోకాళ్ళకి వేడి ఇసుక మూట కట్టి చూడు.

మీ వదిన

*

రెండో అంతస్తు
జూలై చివర

వదినగారికి,

మీ ఉత్తరం, కాగితం అందాయి. మా ఆయన చూస్తున్నారు. వీలు చూసుకుని పంపుతాను.

ఇక్కడ అందరం క్షేమం.

ఇట్లు

*

కొట్టు నుంచి,
ఆగస్టు

ఏమే దూదీ,

"మీ" ఉత్తరమా? ఎవరా "మీ"? నాకు తెలిసిన మనిషేనా? "ఇట్లు" అని రాసి కింద సంతకం కూడా లేదు. ఈ ఇంటికొచ్చాక నువ్వు నన్ను మీరు అన్నది ఒక్కసారే, నీ కొత్త చెప్పులు నేనేసుకుని తెంపినప్పుడు. అప్పుడు కూడా సాయంత్రానికల్లా "నువ్వు"లోకి దిగావు.

నాకు పీకలదాకా కోపం వచ్చింది. కోపం దిగాక భయం వేసింది. ఏం తప్పు చేశానో తెలీడం లేదు. వాటా కావాలా? కావాలంటే నోరు తెరిచి అడుగు, ఎప్పుడు కాదన్నాను? మీ ఆయన ఏమన్నా అన్నాడా?

ఇక్కడి పరిస్థితి దాచి లాభం లేదు. షావుకారు సరుకు పూర్తిగా ఆపేశాడు. నేనే వాళ్ళింటికి వెళ్ళాను. అరుగు మీద ఎదురెదురుగా కూర్చున్నాం.

"ఇన్నేళ్ళలో నేనెప్పుడన్నా కాగితం అడిగానా అమ్మా?" అన్నాడు.

"అడగలేదు బాబాయిగారూ. ధర కూడా మమ్మల్ని ఎప్పుడూ అడగలేదు" అన్నాను.

ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలీదు. అని నేనే బిత్తరపోయాను. ఆయన కండువా తీసి మళ్ళీ వేసుకున్నాడు. "మీ మామగారుంటే ఈ మాట అనేవాడు కాదు" అన్నాడు. నిజమే, అనేవారు కాదు. నేను లేచి వచ్చేశాను. దారిపొడుగునా ఆయన మంచితనాలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చి కాళ్ళకి అడ్డం పడ్డాయి. మీ అన్నయ్య పోయినప్పుడు నాలుగు నెలలపాటు డబ్బు మాటెత్తకుండా సరుకు పంపిన మనిషే కదా. అదీ నిజమే, ధర ఆయన చెప్పిందే ధర అన్నదీ నిజమే. రెండూ ఒకే మనిషిలో ఉంటే ఏం చెయ్యాలి?

మిషను తిరగడం లేదు. మేస్త్రి రోజూ వచ్చి, బెల్టుకి నూనె రాసి, తుడిచి, కూర్చుని వెళ్తున్నాడు. హాస్టలు వాళ్ళు ఈ నెలాఖరు దాకా చూస్తామన్నారు.

ఏముందో రాయి. తిట్టాలనుంటే తిట్టు. మీరు మాత్రం అనకు.

వదిన

*

రెండో అంతస్తు, పెరటి వైపు గది
ఆగస్టు

వదినా,

మా ఆయన ఏమీ అనలేదు. పైగా "సంతకం పెట్టేయి, ఆవిడ ఒక్కతే ఈడుస్తోంది" అన్నాడు. పెట్టడానికే కూర్చున్నాను. కలం మూత కూడా తీశాను.

నువ్వు పంపిన కాగితం నువ్వు చదివావా? నాకు తెలుసు, చదివుండవు. అందులో రెండో వాక్యం: "పై వ్యాపారంతో నాకు ఎటువంటి సంబంధమూ లేదు, ఇకముందు ఉండబోదు." కింద గీత, గీత మీద నా సంతకం.

నీకొక సంగతి చెప్పలేదు. పగటిపూట వెళ్తున్నానన్న స్నేహితురాలు లేదు, కాలక్షేపమూ లేదు. ప్రెస్సు మూతపడ్డాక ఇల్లు గడవడం కష్టమై పనిలో చేరాను. ఇక్కడొక పెద్ద పరుపుల షోరూము ఉంది. ముందంతా అద్దాలు, వెనక కిటికీ లేని గది. ఆ గదిలో మేం కొంతమందిమి ఫోము పరుపులకి తొడుగులు ఎక్కించి జిప్పులు పెడతాం. ఆ ఫోము నొక్కితే లోపలికి పోతుంది, వదిలితే ఏమీ జరగనట్టు పైకొస్తుంది. ఎవరు పడుకున్నా దానికి గుర్తుండదు. మన పరుపైతే మనిషి ఒడ్డూ పొడుగూ నేర్చుకుంటుంది కదా. నాన్న పరుపు అన్నయ్యకి ఎప్పుడూ కుదిరేది కాదు, గుర్తుందా?

నీకు చెప్తే ఉన్నపళంగా రైలెక్కి వచ్చేస్తావని చెప్పలేదు. ఇంకో కారణం కూడా ఉంది. పరుపుల కొట్టు ఇంటి ఆడపిల్ల వేరేవాళ్ళ పరుపులకి జిప్పులు పెడుతోందని చెప్పడానికి నోరు రాలేదు.

అక్కడ నాకు ఫొటో ఉన్న కార్డు ఇచ్చారు. మెడలో వేసుకోవాలి. జీతం ఖాతాలో పడుతుంది. ఆ షోరూముతో నాకు సంబంధం ఉందనడానికి అన్ని రుజువులూ ఉన్నాయి. నేను పుట్టి పెరిగి, బడి నుంచి రాగానే దిండ్ల మూలలు కుట్టి, జ్వరమొస్తే దూది కుప్పలోనే పడుకున్న కొట్టుతో సంబంధం ఉందని చెప్పే కాగితం మాత్రం ఒక్కటీ లేదు. ఇన్నాళ్ళకి మొదటి కాగితం వచ్చింది. అది సంబంధం లేదని రాసిమ్మంటోంది.

వాటా వద్దు వదినా. ఒట్టు. "వాటా వద్దు" అని కావాలంటే నా చేత్తో రాసిస్తాను, ఇప్పుడే. ఆ రెండో వాక్యం తీసేయమను. అబద్ధం మీద సంతకం పెట్టలేను. దానికోసం నీ పని ఆగిపోతోందని తెలిసి అన్నం సయించడం లేదు.

దూది

*

కొట్టు నుంచి,
ఆగస్టు చివర

దూదీ,

నీ ఉత్తరం మేస్త్రి తెచ్చిచ్చాడు. చదివి, పత్తి లేని గదిలో గోడకి జారబడి కూర్చున్నాను. నేను చదవలేదు. నువ్వన్నది నిజం. బ్యాంకు కాగితమంటే చిన్న అక్షరాలు, నీకేం, నాకేం అనుకున్నాను. ఇక దాని గురించి పొడుగ్గా రాయను, రాస్తే కాగితం తడుస్తుంది.

ఆ కాగితం పట్టుకుని బ్యాంకుకి వెళ్ళాను. ఆ పిల్ల ముందు పెట్టి రెండో వాక్యం మీద వేలు పెట్టాను.

"ఇది అబద్ధం. కొట్టివేయి."

"అది అచ్చేసిన కాగితమండీ, కొట్టివేయకూడదు. ఒకవేళ సంబంధం ఉందనుకోండి, అప్పుడు ఆవిడ కూడా యజమాని అవుతారు. అది వేరే కాగితం."

"వేరే కాగితం ఉందా? మరి అది ముందే ఇవ్వచ్చుగా!"

"మీరు ఒక్కరే నడుపుతున్నానన్నారు కదండీ."

అన్నాను, నిజమే. అన్న నోటిని ఏం చెయ్యను!

అది భాగస్వామ్యం కాగితం. ఇద్దరి పేర్లు, ఇద్దరి ఫొటోలు, చెరి సగం. లోను కూడా ఇద్దరి పేరు మీదా. దూదీ, ఈసారి ప్రతి అక్షరం చదివించుకున్నాను. జాగ్రత్తగా విను. లాభమొస్తే సగం నీది. మునిగితే ఆ భారం కూడా నీ మీద పడుతుంది. హాస్టలు వాళ్ళు రేపు కాదన్నా, మిల్లు పత్తి బాగా రాకపోయినా, బ్యాంకు నా ఒక్కదాని తలుపే కాదు, నీ తలుపు కూడా తడుతుంది. కిటికీ లేని గదైనా అక్కడ నీకు నెల తిరిగేసరికి జీతం వస్తోంది. ఇక్కడ అలాంటి హామీ ఏమీ లేదు. మీ ఆయనతో మాట్లాడు. మొహమాటానికి పెట్టకు. పెట్టకపోతే నాకు ఇసుమంతైనా కోపం రాదు. హాస్టలు పని వదిలేసి దిండ్లు కుట్టుకుంటాను.

పేరు దగ్గర పెద్ద పంచాయితీ అయింది. మేస్త్రి "సుఖనిద్ర" అన్నాడు. ఎదురు కొట్టాయన ఇంకేదో ఇంగ్లీషు పేరు చెప్పాడు. నేను, "మెట్ల కింది పరుపుల కొట్టు, అదే రాయి" అన్నాను. "గడులు చాలవండీ" అంది పిల్ల. "చాలేలా రాయి" అన్నాను. అక్షరాలు కుదించుకుని, నాలిక బయటపెట్టి మరీ రాసింది.

కాగితం దీంతో పంపుతున్నాను. చదివి నిర్ణయించుకో. మేనేజరమ్మని బతిమాలితే ఇంకొన్నాళ్ళు గడువిచ్చింది.

వదిన

*

రెండో అంతస్తు
సెప్టెంబరు మొదట్లో

వదినా,

కాగితం ముందు మా ఆయన చేతికిచ్చాను. కళ్ళజోడు తుడుచుకుని, ఎర్రకలం తీసుకుని కూర్చున్నాడు. వృత్తి ధర్మం! "భాగస్వామ్యము" అన్నచోట ఒక ఒత్తు ఎగిరిపోయిందని కనిపెట్టి దిద్దాడు. నేను లబోదిబోమన్నాను, బ్యాంకు కాగితం మీద ఎర్రసిరా ఏమిటని. అయితే అయింది, ఆ పిల్లకి సారీ చెప్పు.

మొత్తం చదివాక అడిగాను. "మునిగితే?"

"నువ్వు మునిగితే నేనూ మునగాల్సిందే. నాకు ఈత రాదు, తెలుసుగా" అన్నాడు.

"నవ్వులాట కాదు."

"నేనూ నవ్వులాటకి అనడం లేదు. సాయంత్రం నువ్వు ఆ షోరూము నుంచి ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటావే, ఏదో అంటుకున్నట్టు, అలా రుద్దుకుంటావు. అక్కడ అంటుకునేదేమీ ఉండదు. నేను చూస్తూనే ఉన్నాను" అన్నాడు.

ఆ మనిషి పేపరు వెనక నుంచి ఇన్ని చూస్తున్నాడని నాకు తెలీదు వదినా.

సంతకం పెట్టాను. ఫొటో కూడా పంపుతున్నాను, బలిపీఠం ఎక్కినదానిలా వచ్చాను, నవ్వకు. షోరూములో మానేస్తున్నానని చెప్పేశాను. మెడలో కార్డు తీసి బల్ల మీద పెడితే, లెక్కలు చూసే అబ్బాయి "ఎక్కడ చేరుతున్నారు?" అనడిగాడు. "మా కొట్లో" అన్నాను. అన్నాక చాలాసేపటిదాకా ఆ మాట నోట్లోనే ఉంది.

హాస్టలు పని అయ్యేదాకా అక్కడే ఉంటాను. ఇద్దరం వస్తున్నాం. బిల్లులు మా ఆయన రాస్తాడట. ఒక్క అచ్చు తప్పు ఉండదని హామీ.

నీ దూది

*

రెండో అంతస్తు, పెరటి వైపు గది
డిసెంబరు

వదినా,

క్షేమంగా చేరాం. రైల్లో మా ఆయన పక్కవాళ్ళందరికీ పత్తి రకాల మీద ఉపన్యాసం ఇచ్చాడు. నాలుగు బిల్లులు రాసి ఇంత పండితుడయ్యాడు.

ఇల్లు చాలా నిశ్శబ్దంగా ఉంది. చెవిలో ఇంకా మిషను తిరుగుతోంది. నీ చెవుల గురించి నవ్వేదాన్ని, ఇప్పుడు తెలిసింది.

మొదటిరోజు మేడ మీదికెక్కి దిగొచ్చాక నేను ముభావంగా ఉన్నానని నువ్వడిగావు, ఏమీ లేదన్నాను. పైన అడుగు పెట్టే చోటు లేదు. నీళ్ళ ట్యాంకులు, పైపులు, వైర్లు. మిల్లు బేళ్ళు ఎండలో వేసే అవసరమే లేదని మేస్త్రి గర్వంగా చెప్పాడు. మంచిదే, శుభ్రమైన సరుకు, తెల్లగా, పొడిగా. చెయ్యి పెడితే నాకూ ఆనందమేసింది. కానీ అమ్మ, టైలరు, టీచరమ్మ దుప్పటి కొసలు పట్టుకుని ఒకళ్ళనొకళ్ళు కేకలేసుకుంటూ దిగిన ఆ మెట్ల మీద కాసేపు కూర్చున్నాను. టీచరమ్మ ఎటుపోయిందో కూడా తెలీదు. మనకి పేరొచ్చింది, ఖాతా వచ్చింది. ఆ కేకలు మాత్రం ఇంకెవరూ వెయ్యరు.

హాస్టల్లో చివరి పరుపులు దించిన రోజు నాకు మరపు రాదు. పైఅంతస్తు గదిలో రాత్రి డ్యూటీ దిగిన ఒక నర్సు పిల్ల, దుప్పటి పరవకముందే, బూట్లు కూడా విప్పకుండా, మన పరుపు మీద బోర్లా పడి నిద్రపోయింది. మనం గుమ్మంలోనే ఆగిపోయాం. నువ్వు వంగి దాని బూట్లు విప్పావు. అది కదల్లేదు. తలుపు దగ్గరగా వేసి ఇద్దరం మెట్లు దిగాం. వదినా, అప్పుడు నాన్న ఉండుంటే బాగుండుననిపించింది. నీకూ అనిపించిందని నీ ముక్కు చూస్తే తెలిసింది.

ఇక్కడ ఇంట్లో కిటికీ పక్కన కుట్టుమిషను వేయించాను. దిండు గలీబులూ పరుపు తొడుగులూ కుట్టి పార్సిలు పంపుతాను. కొలతలు పంపు.

దూది

*

కొట్టు నుంచి,
జనవరి

దూదీ,

పార్సిలు అందింది. మూలలు చూసి మేస్త్రి, "చిన్నప్పటి చెయ్యే, మారలేదు" అన్నాడు. ఆయన పొగిడాడంటే పండగే. హాస్టలు డబ్బు పూర్తిగా ఖాతాలో పడింది. అది పడ్డప్పుడు ఫోను మోగిందట, నాకు వినపడలేదు. ఎదురు కొట్టాయన వచ్చి చెప్పాడు. లోను మొదటి వాయిదా కట్టేశాను. బ్యాంకు పిల్లని వేరే ఊరు మార్చారు. వెళ్ళేముందు వచ్చి కూర్చుంది, మన ఫైలు తనకి మొదటిదట. దిండు తీసుకెళ్తున్నానంది.

అసలు రాయాలనుకున్నది వేరే.

మొన్న పొద్దున షావుకారు వచ్చాడు. ఆ అరుగు మీది మాటల తర్వాత మన గుమ్మంలోకి రావడం ఇదే. బాగా చిక్కిపోయాడు. గోదాము ఖాళీ చేసేశాడట, మనలాంటి కొట్లన్నీ మిల్లు దారి పట్టాయట. నేను బస్తా కోసం చూశాను, ఆయన ఎప్పుడూ కూర్చునేది దాని మీదేగా. ఇప్పుడు బస్తాలెక్కడివి! స్టూలు వేశాను. కూర్చున్నాడు.

"ఒక పరుపు కావాలమ్మా. నాకే. ఒంటి మనిషికి సరిపడేది" అన్నాడు.

"మీకా?"

"ఊరందరికీ పత్తి పోశాను గాని, నేను పడుకునేది నవ్వారు మంచం మీద, ఒక బొంత వేసుకుని. ఇప్పుడు వీపు ఒప్పుకోవడం లేదు."

మేస్త్రి గబగబా కొత్త బేలు విప్పాడు. షావుకారు లేచి వెళ్ళి చిటికెడు తీశాడు. రెండు వేళ్ళ మధ్య సాగదీసి, వెలుతురుకి పెట్టి, చాలాసేపు చూశాడు. పరీక్ష రాసిన పిల్లలాగా నేను ఆయన ముఖంలోకే చూస్తూ నిలబడ్డాను.

"మంచి పత్తే" అన్నాడు.

సాయంత్రానికల్లా కుట్టాం. అంచులు నేనే కుట్టాను, ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. డబ్బు వద్దందామని నోటిదాకా వచ్చింది. ఆయన ముఖం చూసి ఆగాను. వద్దంటే ఆయన పరువు ఏం కావాలి? జేబులోంచి తీసిచ్చాడు, తీసుకున్నాను.

వెళ్ళబోతూ ఆగి, "నాకు బిల్లు రాసివ్వవా?" అన్నాడు.

రాసిచ్చాను. కంగారులో ఒక అక్షరం తప్పు పోయింది, మీ ఆయనకి చెప్పకు. ఆయన దాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, పైన కొట్టు పేరు నుంచి కింద నా సంతకం దాకా చదివాడు. "నీ ఆడపడుచు పేరు కూడా ఉందే" అన్నాడు.

"ఉంది బాబాయిగారూ."

మడిచి, పై జేబులో పెట్టుకున్నాడు. ధర తగ్గించమని అడగలేదు, పాత మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

పరుపు రిక్షాలో పెట్టించి, ఆయన్ని కూడా ఎక్కమన్నాను. ఎక్కనన్నాడు. బరువుకి అణిగిపోతుందట, మొదటి రోజు అణగకూడదట. రిక్షావాడితో మెల్లగా పొమ్మని చెప్పి, పక్కనే నడుచుకుంటూ, పరుపు జారకుండా ఒక చెయ్యి దాని మీద ఆనించి, వీధి చివరిదాకా వెళ్ళి మలుపు తిరిగాడు.

మీ వదిన